పగిలితే గాజు

ఇనప దాగలి మీద పెట్టినప్పుడు రాయి బఠానీ గింజకంటే కాస్త పెద్దది. సుత్తి లేచి దిగాక అక్కడ తెల్లటి పొడి, నాలుగు పలుకులు మిగిలాయి. ఒక పలుకు ఎగిరొచ్చి జల్లెడమ్మ చెంపలో దిగింది. చీమ కుట్టినట్టయింది. ఆమె చెయ్యి కూడా ఎత్తలేదు. సుత్తి పట్టుకున్న మనిషి ముఖంలోకే చూస్తోంది. అతను ఆమె సొంత అన్న.

“పగిలితే గాజు,” అన్నాడు షావుకారు, ప్రతి వారం అనే గొంతుతోనే. “అసలైన వజ్రమయితే ఇనుంలోనే దిగబడేది. నేనేం చెయ్యనమ్మా? తరవాతెవరు?”

ఏటి ఒడ్డున గుంటల్లో మగవాళ్ళు తవ్విపోసిన కంకరని నీళ్ళలో జల్లించడం ఆమె పని. అందుకే అందరూ జల్లెడమ్మ అంటారు. జల్లెడని నీళ్ళలో ఒక చుట్టు తిప్పి, ఒక్క కుదుపు కుదిపితే బరువైన రాళ్ళు నడుమకి చేరతాయి. ఆ కుదుపు అందరి చేతికీ రాదు. ఈ రాయి నడుమకి చేరినప్పుడు ఆమె కేక వెయ్యలేదు. నోట్లో వేసుకుని, నాలుక కింద పెట్టుకుని, గుంటలో ఉన్న భర్త దగ్గరికి మామూలుగా నడిచింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎండకి చూశాడు, మళ్ళీ ఆమె నోట్లోనే పెట్టాడు. రాత్రంతా ఇద్దరూ నిద్రపోలేదు.

షావుకారు రేకుల గదిలో చిన్న రాళ్ళకి పరీక్ష లేదు. భూతద్దంలో చూసి, ఇంత అని చెప్పి కొనేస్తాడు. పెద్దది వచ్చినప్పుడే దాగలి ముందుకి జరుగుతుంది, సుత్తి లేస్తుంది. రాయి పగిలినవాళ్ళు తలదించుకుని వెళ్ళిపోతారు. ఏడ్చినవాళ్ళకి షావుకారు మంచినీళ్ళిప్పిస్తాడు. అంతా ఆయన్ని ధర్మాత్ముడంటారు. “ఊళ్ళో అందరూ నోటితో సుత్తి కొడతారు, మావాడొక్కడే చేత్తో కొడతాడు,” అని ఆయన ఆమె అన్న భుజం తట్టి నవ్విస్తుంటాడు కూడా.

పక్కనే ఉన్న ఆమె భర్త ముందుకొచ్చాడు. వంగి, దాగలి మీది పలుకుల్ని వేలితో కదిపి చూశాడు. తల ఎత్తకుండానే బావమరిది కడుపులోకి కుమ్మాడు. ఇద్దరూ వెళ్ళి రేకు గోడ మీద పడ్డారు. గోడ సొట్టపోయింది. భర్త పైన కూర్చుని ముఖం మీద గుద్దుతూ ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు.

“నెమ్మదిగా కొట్టావు. ఎందుకురా నెమ్మదిగా కొట్టావు?”

ఆ ప్రశ్న అక్కడెవరికీ అర్థం కాలేదు. ఆమెకీ కాలేదు. అన్న మోచేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడే గాని తిరిగి కొట్టలేదు. పెదవి చిట్లి, పళ్ళ మీదికి రక్తం కారుతోంది. ఈలోగా షావుకారి మనుషులిద్దరు కర్రలతో లోపలికొచ్చారు. మొదటి దెబ్బ భర్త వీపు మీద పడింది. రెండోది పక్కటెముకల మీద పడ్డప్పుడు లోపల ఏదో చిటుక్కుమనడం ఆమెకి వినిపించింది. వెళ్ళి భర్త మీద పడుకుంది. మూడోది ఆమె భుజానికి తగిలింది. ఇద్దర్నీ కాళ్ళు పట్టి ఈడ్చి బయట కంకర మీద పారేశారు. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు, మళ్ళీ వరసలో నిలబడ్డారు.

తలుపు మూసుకునేముందు ఆమెకి కనిపించింది. షావుకారు చీపురు అందుకుని, దాగలి చుట్టూ తనే స్వయంగా ఊడుస్తున్నాడు. అంత ఉన్నవాడు పనివాళ్ళకి చెప్పకుండా గది తనే ఊడ్చుకుంటాడని ఏటి ఒడ్డున గొప్పగా చెప్పుకుంటారు.

ఇంటికొచ్చాక పాత దుప్పటి చింపి భర్త ఛాతీకి బిగించి కట్టింది. ఊపిరి తీసినప్పుడల్లా అతని ముఖం తెల్లబడుతోంది. అయినా నోరు ఊరుకోలేదు. నీ అన్న అమ్ముడుపోయాడన్నాడు. రాయిని మార్చేసి ఉంటాడన్నాడు. చూస్తుండగానే పగిలిన రాయిని ఎలా మారుస్తాడని ఆమె అడిగింది. అన్న తన కమ్మరి కొలిమి మూతపడ్డాక పస్తులున్నాడు గాని ఎవరి గడపా తొక్కలేదు, తల్లి పోయినప్పటినుంచి తనని వీపున మోసి పెంచాడు, అలాంటివాడు తన నోటి దగ్గర కూడు తీస్తాడా అని అడిగింది. భర్త కాలు విసిరాడు. మంచం పక్కనున్న జల్లెడకి తగిలి, తీగల అల్లిక నిలువునా చిరిగింది.

ఆమె దాన్ని తీసి గోడకి ఆనించింది. ఆ తరవాత అతనితో మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతోంది, కట్టు మారుస్తోంది, అడిగినవాటికి తలూపుతోంది. అంతే.

మర్నాడు చెంప వాచింది, ఆ పైరోజుకి కన్ను సగం మూసుకుపోయింది. నీళ్ళలో దిగలేక, చిరిగిన జల్లెడతో చేసేదీ లేక, సాయంత్రం బడి వెనకగదిలో ఉండే సైన్సు టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది. గుంటల్లోవాళ్ళు చిన్నాచితకా గాయాలకి ఆవిడ దగ్గరికే వెళతారు. ఆవిడ సూదిని స్టవ్ మంట మీద కాల్చి, దీపం దగ్గరికి జరగమని, చెంపని రెండు వేళ్ళతో నొక్కింది. చీము కారింది, తరవాత రక్తం. జల్లెడమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని పళ్ళు బిగించింది. పలుకు పట్టకారు కొనకి వచ్చింది. టీచరమ్మ దాన్ని నీళ్ళ గిన్నెలో ఝాడించి, దీపం కిందికి తెచ్చి, చాలాసేపు చూసింది.

ఇదెక్కడిదని అడిగింది. జల్లెడమ్మ జరిగిందంతా చెప్పింది. పగిలితే గాజు కదా అంది చివర.

టీచరమ్మ లేచి వంటగట్టు మీంచి రాళ్ళుప్పు డబ్బా, ఒక పెన్సిలు, చిన్న రాగితీగ ముక్క, కల్వం బండ తెచ్చి గడప దగ్గర కూర్చుంది. ముందు రాగితీగని బండతో కొట్టింది. అది రేకులా పరుచుకుంది. మళ్ళీ కొట్టింది. ఇంకా పల్చబడింది గాని తెగలేదు. లోహంలో పరమాణువులన్నిటికీ కలిపి ఉమ్మడిగా తిరిగే ఎలక్ట్రాన్లుంటాయని, ఒక పొర జారి పక్కకెళ్ళినా పట్టు పోదని, అందుకే ఇనుమూ రాగీ దెబ్బకి సాగుతాయని చెప్పింది. తరవాత ఉప్పుకల్లు పెట్టి ఒక్క దెబ్బ వేసింది. అది నున్నటి అంచులతో మూడు ముక్కలయింది. ఇందులో ప్లస్సూ మైనస్సూ ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని ఉంటాయంది. దెబ్బకి ఒక వరస ఇంత జరిగితే చాలు, ప్లస్సుకెదురుగా ప్లస్సు వస్తుంది, ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి, ముక్కలవుతుంది. జల్లెడమ్మ ఉప్పుముక్కని తీసుకుని అంచు మీద వేలు రాసింది.

“ఇప్పుడు ఇది,” అని టీచరమ్మ పెన్సిలుతో గడప మీద ఒక గీత గీసింది. “ఇదీ వజ్రమూ ఒకటే పదార్థం. కార్బను. ఇందులో ఒక్కో పరమాణువు పక్కనున్న ముగ్గురి చేతులు పట్టుకుని పల్చటి పొరలా ఉంటుంది. పొరకీ పొరకీ మధ్య పట్టు వదులు. అందుకే రాస్తే జారి కాగితం మీద పడుతుంది. వజ్రంలో ఒక్కోటీ నలుగుర్ని పట్టుకుంటుంది, నాలుగువేపులా, ఒకటే బిగువుతో. దాన్ని గీరగలిగింది లేదు.”

“మరి ఇదెందుకు పగిలింది?”

“గీరితే తట్టుకోవడం వేరు, కొడితే తట్టుకోవడం వేరమ్మా. ఇనుంలా జరగడానికి అందులో జాగా లేదు. జరగనిది విరగాలి. కొన్ని వైపులనుంచి కొడితే ఆ అడ్డంలో ఉన్న పట్లన్నీ ఒక్కసారే తెగిపోతాయి. చిన్న దెబ్బ చాలు.”

జల్లెడమ్మ ముందుకి వంగింది. ముక్కలైన ఉప్పుని పోగుచేసి డబ్బాలో వేసింది. ఈ సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసని అడిగింది. ఏటా తొమ్మిదో తరగతికి చెబుతానంది టీచరమ్మ. గుంటలవాళ్ళ పిల్లలే పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటారు. దాగలి సంగతి తనకెవరూ చెప్పలేదు, తనూ ఏనాడూ ఆ రేకుల గదివేపు వెళ్ళలేదు. ఈ మాట చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం ఎర్రబడింది. తొందరపడి ఎవరితోనూ అనవద్దని, గాజుని ఇసకరాయి కూడా గీరుతుంది కాబట్టి గాజు మీద గీసి చూస్తే లాభం లేదని హెచ్చరించింది. పనిముట్లు పదునుపెట్టే సానరాయి దొరికితే దానికి పెట్టి చూడమంది. గాజయినా, మామూలు రాయయినా అరిగిపోతుంది. వజ్రమయితే సానరాయికే గాటు పడుతుంది.

సానరాయి ఆమెకి తెలిసి ఒక్కచోటే ఉంది.

పొద్దున్నే పలుకుని దూదిలో చుట్టుకుని అన్న ఇంటికి వెళ్ళింది. కొలిమి చల్లారి ఎన్నాళ్ళయిందో, తిత్తిలో ఎలకలు గూడు పెట్టాయి. కాలితో తొక్కి తిప్పే సాన మాత్రం మూల అలాగే ఉంది. అన్న గుమ్మంలో కూర్చుని వేడినీళ్ళ గుడ్డతో కంటికి కాపడం పెట్టుకుంటున్నాడు. ఆమె భర్త గుద్దులకి ఆ వైపంతా నల్లబడింది. చెల్లెల్ని చూసి లేవబోయాడు. తిన్నావా అని అడిగాడు.

ఆమె దూది విప్పి చూపించింది. “నా చెంపలోంచి తీశారన్నా. సానకి పెట్టు. గాజయితే అరిగిపోతుందట. అరిగిపోతే చాలు, మా ఆయన చేత నీ కాళ్ళు పట్టించి క్షమాపణ చెప్పిస్తాను.”

అన్న ముందు వీధివేపు చూశాడు. తరవాత చూపుడువేలు నాలికకి తడిచేసుకుని, ఆ తడితో పలుకుని తాకి, దూదిమీంచి పైకి లేపాడు. ఇంకో చేత్తో గూట్లోంచి చిన్న కాగితం తీసి, పలుకుని దాని మడతలోకి జార్చి, అటు మడిచి, ఇటు మడిచి, కొసలు లోపలికి దోపాడు. చేతులు వాటంతటవే చేశాయి ఆ పని. అచ్చం షావుకారు కట్టే పొట్లం.

“గాజే,” అన్నాడు. “నేను పారేస్తాలే.” పొట్లాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

జల్లెడమ్మ అక్కడే నిలబడిపోయింది. గాజుపెంకుని ఎవరైనా చీపురుతో తోసేస్తారు, కాలితో జరుపుతారు. వేలికి తడిచేసి ఎత్తరు. పొట్లం కట్టరు.

“ఇలా ఇవ్వు.”

ఎందుకే అన్నాడు. ఆమె జేబులో చెయ్యిపెట్టింది. అతను ఆ మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. చిన్నప్పుడు ఆటల్లో కూడా అతను ఆమె మీద చెయ్యెత్తినవాడు కాదు. ఇప్పుడు ఎముక విరిగేట్టు తిప్పుతూ, వదులు, వదులు అంటున్నాడు. ఆమె వంగి అతని బొటనవేలి మొదట్లో పళ్ళు దింపింది. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చేదాకా వదల్లేదు. అతను కేకపెట్టి వెనక్కి పడ్డాడు. చొక్కా జేబు చిరిగి పొట్లంతో సహా ఆమె చేతికొచ్చింది.

పలుకుని పట్టకారు కొసన బిగించి, సాన తొక్కి, తిరుగుతున్న రాయికి ఆనించింది. కీచుమని చెవులు చిల్లులుపడే మోత. తొక్కడం ఆపి చూసింది. సానరాయి చుట్టూ సన్నటి గాటు, వేలిగోరు దిగేంత లోతు. పట్టకారు కొసన పలుకు ఎలా ఉన్నది అలాగే ఉంది.

అన్న గోడకి ఆనుకుని కూర్చుని, కరిచినచోట రెండో చేత్తో నొక్కి పట్టుకున్నాడు. సానవేపు చూడలేదు.

“ఎప్పట్నుంచి తెలుసు?” అంది.

 మొదట్లో తనకీ తెలియదన్నాడు. తరవాత ఒకరోజు ఊడ్చిన పలుకుల్ని షావుకారు లోపలిగదిలో ఏరుతుంటే చూశానన్నాడు. పెద్ద రాయి పడిందని బయటికి పొక్కితే పట్నం నుంచి పెద్ద వ్యాపారులు దిగుతారు, ఇంక ఈయన మొహం ఎవరూ చూడరు. ముక్కలైతే ఎవరికీ తెలియదు, ఊరికే వస్తాయి. తను మానేస్తే సుత్తి ఇంకొకడు పట్టుకుంటాడు. ఇవన్నీ ఎవరో నేర్పిన పాఠంలా గబగబా చెప్పాడు. అప్పుడు గొంతు మారింది.

“నీది చూడగానే నా చెయ్యి ఆడలేదే. పగలకూడదనే నెమ్మదిగా కొట్టాను.”

“కొట్టడం మానెయ్యచ్చుగా.”

అతను కరిచిన చేతిని ఒళ్ళో దాచుకున్నాడు. 

ఆమె ఇంటికొచ్చి భర్త మంచం పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళ మౌనం తరవాత నోరు విప్పి అంతా చెప్పింది. నువ్వన్నదే నిజమంది. అతను గునపం అందుకుని లేస్తాడనుకుంది. ఎముకలు విరిగినా లేచే మనిషే. కాని అతను పైకప్పు రేకుల్ని చూస్తూ ఉండిపోయాడు.

“నెమ్మదిగా కొట్టడం చూశాను,” అన్నాడు చివరికి. “ఏదో తెలిసే అలా కొట్టాడనిపించింది. తరవాత నేను గుద్దుతుంటే వాడు తిరిగి ఒక్క దెబ్బ వెయ్యలేదు. నాకంటే బలమైనవాడు. అదీ చూశాను.”

ఆమెకి ఆ మాటలు రుచించలేదు. గుర్తుపెట్టుకోనూ లేదు. షావుకారు రాళ్ళు కొనే బేరం రోజు వచ్చేదాకా ఆమె మనసులో ఒకటే ఉంది, ఏం చెప్పాలి, ఎలా చెబితే నమ్ముతారు. సాన గాటు చూపించినా, టీచరమ్మ మాటలు వల్లించినా, అన్నా చెల్లెళ్ళు పంపకాల్లో తేడా వచ్చి కొట్టుకున్నారనే అంటారు.

బేరం రోజు రేకుల గది నిండిపోయింది. ఆమె భర్త కూడా వచ్చాడు, ఛాతీకి కట్టుతో, ద్వారబంధానికి ఆనుకుని. గుంటల్లో అందరికంటే పెద్దవాడైన ముసలాయన అరచెయ్యి విప్పగానే షావుకారు కళ్ళు ఒక్కసారి రెప్పలార్పాయి. దాగలి ముందుకి జరిగింది. అన్న చేతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. సుత్తి ఎత్తాడు, దించాడు. రాయి పగిలింది. పగిలితే గాజన్నాడు షావుకారు. ముసలాయన ఉన్నచోటే చతికిలబడ్డాడు.

షావుకారు చీపురు కోసం వెనక్కి తిరిగేసరికి అది జల్లెడమ్మ చేతిలో ఉంది.

“మీకెందుకు శ్రమ?” అంది. “ఇవాళ గది నేనూడుస్తాను. చెత్త ఏట్లో పారబోసి వస్తాను.”

కొందరు నవ్వారు. షావుకారు కూడా నవ్వి, వద్దులే తల్లీ, ఇచ్చెయ్ అన్నాడు. ఆమె అప్పటికే వంగి దాగలి చుట్టూ ఊడుస్తోంది. గాజుపెంకులేగా, పిల్లల కాళ్ళలో గుచ్చుకుంటాయి, దూరంగా పోస్తానంటోంది. షావుకారు మళ్ళీ వద్దన్నాడు. ఈసారి నవ్వలేదు. ఆమె ఊడ్చినదాన్ని చేటలోకి ఎత్తింది.

“ఆపండ్రా దాన్ని,” అన్నాడు.

అతని మనిషి ఒకడు ఆమె నడుం మీద తన్నాడు. ఆమె బోర్లా పడింది. నుదురు దాగలి అంచుకి కొట్టుకుంది. చేట చేతిలోంచి జారలేదు. రెండో తన్ను వీపు మీద పడింది. అప్పటికీ చేటని పొట్ట కిందికి లాక్కుని ముడుచుకుంది. వాడు జుట్టుపట్టి లేపబోయాడు.

గదిలో మాట ఆగిపోయింది. చెత్త ఎత్తుతున్న ఆడమనిషిని ఎందుకు తన్నుతున్నారు? ఆ ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు. ఒక్కొక్కరి ముఖంలోకీ అది రావడం ఆమె నేలమీంచే చూసింది. చతికిలబడ్డ ముసలాయన ముఖంలోకి అందరికంటే ముందొచ్చింది. ఆయన పాక్కుంటూ వచ్చి, తన్నుతున్నవాడి కాలు పట్టుకుని పిక్క కొరికాడు.

ఆ తరవాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడం కష్టం. కర్రలు చేతులు మారాయి. తన్నినవాడి ముఖాన్ని నలుగురు కలిసి గోడకేసి కొట్టారు, వాడి ముక్కు పగిలిన చోట రేకు మీద ఎర్రటి మరక కిందికి కారింది. లోపలిగది తలుపు ఊడొచ్చింది. అక్కడి డబ్బాల్లో పలుకులు, సైజులవారీగా వేరుచేసి, కొసలు దోపిన పొట్లాల్లో. ఒకడు ఒక డబ్బా ఎత్తి చూపించగానే గది నిండా పుట్టిన శబ్దం ఏడుపో కేకో తెలియలేదు. వెనకవేపు జీపు కదిలిన చప్పుడు వినిపించి పరుగెత్తేసరికి దుమ్మే మిగిలింది. షావుకారు పోయాడు.

మిగిలింది సుత్తి పట్టినవాడు. దాగలి పక్కనే నిలబడి ఉన్నాడు, పారిపోయే ప్రయత్నమైనా చెయ్యకుండా.

వాళ్ళు ముందు అతని చేతిలోని సుత్తి లాక్కున్నారు. కుడిచేతిని దాగలి మీద పరిచి ముగ్గురు అదిమిపట్టారు. ఏళ్ళ క్రితం రాయి పగిలిన ఒకాయన సుత్తి ఎత్తాడు. ఒకటి, ఇంకొకటి. అన్న మొదటి దెబ్బకి అరిచాడు, రెండోదానికి గొంతు రాలేదు. తరవాత కిందపడేసి కాళ్ళతో మొదలుపెట్టారు. జల్లెడమ్మ నుదుటి రక్తం కళ్ళలోకి కారుతుంటే తుడుచుకుంటూ చూసింది. చేటని పొట్టకి హత్తుకునే ఉంది. ఆమె చెబితే ఆగుతారేమో. ఆమె చెప్పలేదు.

గుంపుని మోచేతులతో చీల్చుకుంటూ లోపలికి వెళ్ళింది ఆమె భర్త. విరిగిన ఎముకలతోనే బావమరిది మీద అడ్డంగా పడుకున్నాడు. వీపు మీద తన్నులు పడుతుంటే, చాలు, చచ్చిపోతాడు, చాలు అంటున్నాడు. కాసేపటికి కాళ్ళు అలిసిపోయాయి. ఎవరో డబ్బాల దగ్గర పంపకాలు మొదలెట్టారనగానే అందరూ అటు పరిగెత్తారు. అక్కడ మళ్ళీ ఒకళ్ళనొకళ్ళు కొట్టుకోవడం మొదలైంది.

భర్త అతన్ని వీపున వేసుకున్నాడు. ఆస్పత్రిదాకా అడుగడుగునా ఆగి ఊపిరి పీల్చుకుంటూ మోశాడు. ఆమె వెనక నడిచింది, ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు.

నర్సు అతన్ని బల్ల మీద పడుకోబెట్టించి, చొక్కా కత్తిరించి, చెయ్యి చూసి పెదవి విరిచింది. వేళ్ళు మిగలకపోవచ్చంది. ఎవరి తాలూకని అడుగుతూ, రక్తం ఓడుతున్న నుదురుతో గుమ్మంలో నిలబడ్డ జల్లెడమ్మ వేపు చూసింది. 

“నా బావమరిదండి,” అన్నాడు భర్త.

“అంటే నీకు అన్నా, తమ్ముడా?” అని నర్సు ఆమెనే అడిగింది.

“ఆయన్నే అడగండి,” అంది జల్లెడమ్మ.

బల్ల మీద అన్న వాచిన పెదవులు కదిలాయి. చెల్లీ అన్నాడు, వినిపించీ వినిపించనట్టు. ఆమెకి వినిపించింది. వరండాలోకి వెళ్ళి, కొళాయి కింద ముఖం కడుక్కుంది. భర్త దాహమని పిలిస్తే గ్లాసు కడిగి, నీళ్ళు నింపి, లోపలికెళ్ళి అతని చేతికిచ్చింది. అతను తాగలేదు. ఒక చేత్తో బావమరిది తల కాస్త పైకెత్తి, గ్లాసు ఆ నోటికి ఆనించాడు.

ఆమె ఆపలేదు. అటువేపు చూడలేదు కూడా.